క్ష: ద్రాక్షారామం నుంచి ఎలక్షన్ దాకా

దక్షుడు, దీక్ష, పరీక్ష, సాక్షి, బిచ్చం, లక్క, కలెక్షన్, ఇంజక్షన్... ఒక్క జంటాక్షరం వెనుక రెండు వేల ఏళ్ల మాటల చరిత్ర ఉంది. ఆ అక్షరాన్ని తన పేరులోనే మోస్తున్న ఊరి నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో ఏ మూలకు వెళ్లినా ఒక అక్షరం ఎదురవుతుంది. స్థలపురాణం దక్షుడిది. శక్తిపీఠాల వరసలో ఈ చోటి పేరు దక్షవాటిక. భక్తుల నోట ఇది దక్షిణ కాశి. ఇక్కడి క్షేత్రపాలకుడు లక్ష్మీనారాయణుడు. వచ్చినవాళ్లు చేసేది ప్రదక్షిణ, సమర్పించేది దక్షిణ, తల మీద పడేవి అక్షతలు, కోరుకునేది మోక్షం. గుడి దాటి కోనసీమ లోపలికి వెళితే ముక్తేశ్వరంలో క్షణ ముక్తేశ్వరుడు, సముద్రం ఒడ్డున అంతర్వేదిలో లక్ష్మీనరసింహుడు. పంచారామాల్లో ద్రాక్షారామం ఒకటైతే, గోదావరి అవతల పాలకొల్లులో ఉన్నది క్షీరారామం.

క, ష కలిసిన ఈ అక్షరం మన బడిపిల్లలకు అక్షరమాల చివర్లో, ళ తర్వాత, ఱ ముందు దర్శనమిస్తుంది. నిఘంటువులో మాత్రం ‘క్షణం’ వెతకాలంటే క విభాగం చివరికి వెళ్లాలి. నిజానికిది విడి అక్షరం కాదు, సంయుక్తాక్షరం. అయినా దానికి అక్షరమాలలో కుర్చీ వేశారంటే దాని వాడుక అంత విస్తారం. ఇంకో విశేషం: ఇది పుట్టు తెలుగు కానే కాదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో అచ్చతెలుగుకు లెక్కగట్టిన 36 వర్ణాల్లో ష లేదు, అందుచేత క్ష కూడా లేదు. అంటే తెలుగులో క్ష ఉన్న ప్రతి మాటా ఎక్కడి నుంచో వచ్చి మనింట్లో స్థిరపడినదే.

పలకడం కష్టమని, రాయడం అంతకన్నా కష్టమని పిల్లలు భయపడే ఈ అక్షరం, కాస్త దగ్గరగా చూస్తే వందల మాటల అర్థాలు విప్పి చెప్పే తాళంచెవి. మాటల్ని కుటుంబాలుగా చూడటం నేర్పితే చాలు.

ద్రాక్ష కాదు, దక్షుడే

ఊరి పేరు వినగానే ద్రాక్షతోట మనసులో మెదులుతుంది. కానీ ఈ నేల వరిది, కొబ్బరిది. పేరు దక్షుడిది. దక్షుడి ఆరామం కాబట్టి దక్షారామం. పాత రాతల్లో దక్షారామం, దాక్షారామం అనే రూపాలు కనిపిస్తాయి. 9వ శతాబ్దం చివర్లో గద్దెనెక్కిన తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడు ఈ ఆలయం కట్టించాడని చరిత్ర. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ఈ స్వామి మీదే భీమేశ్వర పురాణం రాసి బెండపూడి అన్నయ మంత్రికి అంకితమిచ్చాడు. ఎప్పుడు చేరిందో గానీ ద కింద ఒక రకారం చేరి ఊరు ద్రాక్షారామమైంది. చుట్టుపక్కల పల్లెల్లో అది ఇంకాస్త కురచబడి ‘ద్రాక్షారం’ అయింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు ఆ జిల్లాలో చేరింది.

దక్ష అంటే సమర్థుడు. సామర్థ్యం దక్షత. ఆ కుటుంబంలోనిదే దక్షిణ. దానికి మొదటి అర్థం కుడి. తూర్పుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు ఉండే దిక్కు దక్షిణం. దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని చుట్టూ తిరిగితే ప్రదక్షిణ. ఎదుటివాడి పట్ల మెత్తగా, అనుకూలంగా నడుచుకోవడం దాక్షిణ్యం. దక్షుడి కూతురు దాక్షాయణి. దక్షిణ అనే మాటే ప్రాకృతంలో ‘దక్ఖిణ’ అయి, ఆ తర్వాత దక్కన్ అయింది. ఇంగ్లీషువాళ్ల నోట డెక్కన్ అయింది. ద్రాక్షారామంలో ప్రదక్షిణ చేస్తున్న భక్తుడూ, దక్కన్ పీఠభూమి గురించి చదువుతున్న విద్యార్థీ ఒకే ధాతువు చుట్టూ తిరుగుతున్నారు.

కన్ను చూపిన మాటలు

సంస్కృతంలో అక్షి అంటే కన్ను. అమ్మవార్ల పేర్లలో అది నేరుగానే పలుకుతుంది: మీనాక్షి, కామాక్షి, విశాలాక్షి. విరూపాక్షుడి పేరులోనూ అదే. రుద్రుడి కన్ను రుద్రాక్ష. ఆవు కన్ను ఆకారంలో ఉండే కిటికీ గవాక్షం. దేవుడి కడగంటి చూపు కటాక్షం.

ఇవి గుడి మాటలు. కోర్టు, కచేరీ మాటలూ ఈ కంటి నుంచే వచ్చాయి. కళ్లెదుట ఉన్నది ప్రత్యక్షం, కంటికి అవతల ఉన్నది పరోక్షం. కళ్ల ముందే జరిగితే సమక్షం. కంటితో చూసినవాడు సాక్షి. పైనుంచి కన్నేసి ఉంచేవాడు అధ్యక్షుడు. సభలో ముందు కుర్చీలో కూర్చోవడం అధ్యక్షుడి పని కాదు, చూసుకోవడమే ఆయన పని అని ఆ మాటే చెబుతోంది.

చూడటం అనే అర్థంలోనే ‘ఈక్ష్’ అనే ధాతువు ఇంకొకటి ఉంది. దాని సంతానం మరీ పెద్దది. చుట్టూ తిప్పి చూడటం పరీక్ష. చక్కగా చూడటం సమీక్ష. ఆశగా చూడటం అపేక్ష. చూసీ చూడనట్టు వదిలేయడం ఉపేక్ష. ఎదురుచూడటం ప్రతీక్ష, నిరీక్షణ. సినిమా చూసేవాడు ప్రేక్షకుడు. ఉన్నదాన్ని ఇంకొకటిగా ఊహించి చూడటం ఉత్ప్రేక్ష. పనివాళ్ల మీద నిఘా పర్యవేక్షణ. పదో తరగతి పిల్లాడు ఏటా భయపడే ‘పరీక్ష’లో ఉన్నది చూపు మాత్రమే: నీకు ఏం వచ్చో అన్ని వైపుల నుంచీ చూడటం. ఆ సంగతి తెలిస్తే మాటలోని భయం కొంతైనా తగ్గుతుంది.

కోరిక చెప్పే క్ష

సంస్కృత వ్యాకరణంలో ‘చేయాలనే కోరిక’ను చెప్పే ఒక పద్ధతి ఉంది. ధాతువును రెట్టించి చివర సకారం చేరుస్తారు. కొన్ని ధాతువుల్లో అది క్షగా తేలుతుంది. తినాలనే కోరిక బుభుక్ష. విడుదల కావాలనే కోరిక ముముక్ష. ఆ కోరిక ఉన్నవాడు ముముక్షువు. చూడాలనే కోరిక దిదృక్ష.

ఈ వరసలో అందరికీ తెలిసిన మాటలు మూడున్నాయి. మొదటిది శిక్ష. చేతనవ్వాలి, సమర్థుణ్ణి కావాలి అనే కోరికే శిక్ష, అంటే చదువు. హిందీవాళ్లు ఇప్పటికీ శిక్ష అంటే చదువే అంటారు. మనకు శిక్షణ, శిక్షకుడు, పెద్ద బాలశిక్ష అన్న మాటల్లో ఆ అర్థం నిలిచింది. ఒంటరిగా ‘శిక్ష’ అంటే మాత్రం జైలు, జరిమానా. పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష కూర్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది బెత్తం కాదు, విద్య.

రెండోది భిక్ష. పంచుకోవాలి, వాటా పొందాలి అనే కోరిక దాని మూలం. మూడోది వివక్ష. పలకాలనే కోరిక, చెప్పదలచుకున్న భావం దాని పాత అర్థం. ఈనాడు మనం కుల వివక్ష, లింగ వివక్ష అంటున్నాం. మాట ఒకటే, బతుకు మారింది. దీక్షను కూడా దక్ష ధాతువు నుంచి ఈ కోరిక వరసలోనే చెప్పిన పండితులున్నారు. అలా చూస్తే సమర్థుడు కావాలన్న సంకల్పమే దీక్ష. కార్తీకంలో మాల వేసుకునేవాళ్లకూ, హక్కుల కోసం శిబిరంలో కూర్చునేవాళ్లకూ ఆ అర్థం సరిపోతుంది.

అ చేరితే, ధాతువు మారితే

క్షరం అంటే కరిగి నశించేది. దానికి అ చేరితే నశించనిది, అక్షరం. క్షయం తరిగిపోవడం, అక్షయం తరగనిది. క్షతం దెబ్బ తిన్నది, అక్షతలు విరగని బియ్యపు గింజలు. అందుకే పెళ్లికి నూకలు కలిపిన బియ్యం పనికిరావు. పత్రికల్లో రోజూ కనిపించే క్షతగాత్రుడు, గాయపడ్డ ఒళ్లు ఉన్నవాడు.

ఇక్కడొక తికమక ఉంది. ‘క్షి’ అనే రూపంలో రెండు ధాతువులున్నాయి. ఒకటి తరగడం: క్షయం, క్షీణం దాని నుంచి వచ్చాయి. ఇంకొకటి నివసించడం: క్షేత్రం, క్షేమం దాని పిల్లలు. మనిషి కుదురుగా బతికే నేల క్షేత్రం, ఆ కుదురైన బతుకు క్షేమం. వ్యవసాయ క్షేత్రమైనా, పుణ్యక్షేత్రమైనా మూలంలో ఉన్నది నిలకడే.

‘క్షిప్’ అంటే విసరడం. విసిరే ఆయుధం క్షిపణి. ఒక దగ్గరికి విసిరి కుదించినది సంక్షిప్తం. కావ్యం మధ్యలోకి ఎవరో విసిరినది ప్రక్షిప్తం. లోపల పెట్టి దాచినది నిక్షేపం. ఎదుటివాడి మాట మీదికి విసిరేది ఆక్షేపణ. ఈ విసురుడు సంగతి గుర్తుంచుకోండి, ఇంగ్లీషు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

రాళ్ల మీద ఖ, నోళ్లలో చ్చ

భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. ‘దక్షిణ భారత శాసనాలు’ నాలుగో సంపుటంలో అవి అచ్చయ్యాయి. చాలా మటుకు అఖండ దీపాల దానాలే. ఉత్తరాయణమో, దక్షిణాయనమో, గ్రహణమో చూసుకుని, స్వామి ముందు దీపం ఆరకుండా వెలగడానికి నేతి కోసం పశువుల్ని ఇచ్చిన రాజులు, రాణులు, సేనానులు, వర్తకులు తమ పేర్లు చెక్కించారు. సంస్కృతంలో, తెలుగులో, తమిళంలో ఉన్న ఆ రాతల్లో క్ష నిండుగా కనిపిస్తుంది.

అంతకు ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల ముందు పరిస్థితి వేరు. అప్పుడు రాజశాసనాల భాష ప్రాకృతం. ప్రాకృతం నోట క్ష నిలబడదు. క్ఖ అవుతుంది లేదా చ్ఛ అవుతుంది. నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో ఏలిన వంశాన్ని మనం ఇక్ష్వాకులు అంటున్నాం. వాళ్ల శాసనాల్లో మాత్రం ఆ పేరు ‘ఇఖాకు’. శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనంలో క్షత్రియులు ‘ఖతియ’లు, ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన క్షహరాతులు ‘ఖఖరాత’లు. సంస్కృతం తెలియక కాదు, నాటి వాడుక పలుకుబడే అది.

ఆ దారినే తెలుగులోకి ఇంకో తరహా మాటలొచ్చాయి. భిక్ష బిచ్చమైంది. లక్ష్మి లచ్చి అయింది. లచ్చమ్మలు, లచ్చన్నలు ఊరూరా ఉన్నారు. రాక్షసి రక్కసి అయింది. పక్షి పక్కి అయింది. సాక్షి సాకిరి అయింది. లాక్ష లక్క అయింది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుగు పెట్టేది ఆ లక్కే. యక్షులు జక్కులయ్యారు. అక్షరం అక్కర అయింది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మహాభారతంలో వాడిన మధ్యాక్కర పద్యంలో ఉన్న అక్కర అదే.

బడిలో వీటిని ప్రకృతి, వికృతి అని నేర్పుతారు. వికృతి అంటే మార్పు చెందిన రూపం, అంతే. కానీ పిల్లల చెవికి అది చెడిపోయిన మాటలా వినిపిస్తుంది. గోదావరి పల్లెల్లో ‘లచ్మి’ అన్నా, ‘పరీచ్చ’ అన్నా నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వులో అన్యాయం ఉంది. క్షను చ్చగా మార్చుకోవడం చదువులేనితనం కాదు. శాతవాహనుల నాటి రాజశాసనాలు నడిచిన దారి అది. ‘బిచ్చం’ అన్నప్పుడు రాని నవ్వు ‘పరీచ్చ’ అన్నప్పుడు ఎందుకు రావాలి? ఒకటి నిఘంటువుకెక్కింది, రెండోది ఎక్కలేదు. తేడా అంతవరకే. పరీక్ష రాసేటప్పుడు క్ష రాయాలి, అందులో సందేహం లేదు. ఇంట్లో మాట్లాడుకునే పలుకును అవమానించడం మాత్రం తగదు.

ఎలక్షన్, కలెక్షన్, సెలక్షన్

సంస్కృతం తర్వాత కూడా క్షకు కొత్త చుట్టాలు వస్తూనే ఉన్నారు. ఉర్దూ దారిలో గ్రామపటం నక్షా వచ్చింది. జపాన్ నుంచి ‘జిన్‌రికిషా’, అంటే మనిషి బలంతో నడిచే బండి, ఇంగ్లీషు మీదుగా కురచబడి రిక్షా అయి దిగింది. ఆ తర్వాత వరదలా వచ్చినవి ఇంగ్లీషు మాటలు. సి, టి, ఐ, ఓ, ఎన్ అనే అయిదు అక్షరాలు వరసగా ఎక్కడ చేరినా తెలుగు చెవికి అది ‘క్షన్’. కరెంటు కనెక్షన్, పోలీసు సెక్షన్, సినిమా కలెక్షన్, డాక్టరు ఇంజక్షన్, సీమ ఫ్యాక్షన్. తెలుగువాడు వీటన్నిటికీ క్ష పెట్టి సొంతం చేసుకున్నాడు.

వీటినీ కుటుంబాలుగా విడదీస్తే అర్థాలు ఇట్టే తెలుస్తాయి. లాటిన్‌లో ఏరడం అనే ధాతువు ఒకటుంది. కొందరిలోంచి ఒకరిని బయటికి ఏరి తీస్తే ఎలక్షన్. మంచివాటిని వేరుగా ఏరి పెడితే సెలక్షన్. చెదిరినవాటిని ఏరి ఒకచోటికి చేరిస్తే కలెక్షన్. కోయడం నుంచి సెక్షన్: చట్టాన్ని భాగాలుగా కోస్తే వచ్చే ముక్క అది, సిజేరియన్ సెక్షన్‌లోనైతే నిజంగా కోతే. పెంచడం నుంచి ఆక్షన్: వేలంలో పాట పెరుగుతూ పోతుంది కాబట్టి. మలచడం నుంచి ఫిక్షన్: కథను రచయిత మలుస్తాడు. చేయడం, నడపడం నుంచి యాక్షన్, రియాక్షన్, ట్రాన్సాక్షన్. చేయడమే అర్థంగా ఉన్న ఇంకో ధాతువు నుంచి ఫ్యాక్షన్.

ఇప్పుడు విసురుడు సంగతి. లాటిన్‌లోనూ విసరడానికి ఒక ధాతువుంది. లోపలికి విసిరితే ఇంజక్షన్. వెనక్కి విసిరితే రిజెక్షన్. ముందుకు విసిరితే ప్రొజెక్షన్. ఎదురుగా విసిరితే అబ్జెక్షన్. మన క్షిప్ ధాతువును పక్కన పెట్టి చూడండి. అబ్జెక్షన్‌కు మన మాట ఆక్షేపణ. రెండింట్లోనూ ఉన్నది విసరడమే. భౌతికశాస్త్రంలో ముందుకు విసిరిన వస్తువును ప్రక్షేపకం అంటాం. ప్రొజెక్షన్‌లోని ‘ప్రొ’, ప్రక్షేపకంలోని ‘ప్ర’ ఒకే పూర్వీకుడి పిల్లలు. చూపు విషయంలోనూ అంతే. ఇన్‌స్పెక్షన్ అంటే లోపలికి చూడటం, పరీక్ష అంటే చుట్టూ చూడటం. వేల మైళ్ల దూరంలో ఎదిగిన రెండు భాషలు ఒకే రకంగా ఆలోచించాయి.

స్పెల్లింగుకూ ఇది పనికొస్తుంది. ‘షన్’ అని వినిపిస్తే ఇంగ్లీషులో రకరకాలుగా రాయాల్సి వస్తుంది. ‘క్షన్’ అని వినిపిస్తే మాత్రం దాదాపు ఎప్పుడూ సి, టి, ఐ, ఓ, ఎన్. కాంప్లెక్షన్, క్రూసిఫిక్షన్ లాంటి కొద్ది మాటలే ఎక్స్, ఐ, ఓ, ఎన్ అంటాయి. చెవిలో క్ష పడిందా లేదా అని చూసుకుంటే చాలు, సగం తప్పులు తగ్గుతాయి. తెలుగు చెవి ఇంగ్లీషు చదువుకు అడ్డం కాదు, ఆసరా.

చేతిరాతలో ఒకటి, కంప్యూటర్‌లో మూడు

తెలుగులో వత్తు రాసే తీరు తెలిసినవాళ్లకు కూడా క్ష దగ్గర కలం ఒక్క క్షణం ఆగుతుంది. ‘వర్షం’లో ర పక్కన వచ్చే ష వత్తుకూ, క్షలో క కింద ముడిపడే ష రూపానికీ పోలిక తక్కువ. దానికి ఇంకో వత్తు తోడైతే పిల్లలకు పరీక్షే: లక్ష్మి, సూక్ష్మం, తీక్ష్ణం, ఇక్ష్వాకు.

కంప్యూటర్‌కు క్ష అనే ఒక్క అక్షరం లేదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలను పక్కపక్కన దాచుకుని తెర మీద ఒకటిగా చూపిస్తుంది. ఇందులోంచి ఒక చిక్కు పుట్టింది. వర్క్‌షాప్, బుక్‌షాప్ అని టైపు చేయబోతే క్, షా కలిసిపోయి ‘వర్క్షాప్’ అవుతుంది. అలా కలవకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనపడని సంకేతం ఒకటి పెట్టాలి. రోజూ తెలుగు టైపు చేసేవాళ్లలోనూ ఆ సంకేతం సంగతి చాలామందికి తెలియదు. కీబోర్డుల తయారీదార్లు దాన్ని సులువుగా అందేచోట పెట్టాలి.

ఇంగ్లీషు లిపిలోకి వెళ్లేటప్పుడు ఇంకో చిక్కు. లక్ష్మి అనే పేరును ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. రెండూ వాడుకలో ఉన్నవే. కానీ బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే కాగితాల దగ్గర ఇబ్బంది తప్పదు. పేరులో క్ష ఉన్న పిల్లల తల్లిదండ్రులు బడిలో చేర్చే రోజునే ఏదో ఒక స్పెల్లింగు ఖాయం చేసుకుని అంతటా అదే రాయించడం మంచిది.

బడికి ఒక మనవి

మన పాఠాల్లో కఠిన పదాలకు అర్థాలు ఒక జాబితాగా ఇస్తారు. ఉపేక్ష అంటే నిర్లక్ష్యం, అపేక్ష అంటే కోరిక, సమీక్ష అంటే పరిశీలన. పిల్లవాడు మూడింటినీ మూడు విడి రాళ్లలా మోస్తాడు, పరీక్ష కాగానే దించేస్తాడు. మూడింట్లోనూ ఉన్నది చూపేనని, చూసే తీరు ఒక్కటే మారిందని టీచరు ఒక్కసారి బోర్డు మీద చూపిస్తే, రేపు ‘ప్రతీక్ష’ అనే కొత్త మాట ఎదురైనా వాడు సొంతంగా అర్థం ఊహించగలడు. ఇంగ్లీషు పీరియడ్‌లో ఎలక్షన్, సెలక్షన్, కలెక్షన్ మూడింటినీ ఒకే వరసలో నిలబెడితే అక్కడా అంతే. ఇందుకు కొత్త పుస్తకాలు అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. ఒక బోర్డు, ఒక సుద్దముక్క, మాటల మీద ప్రేమ ఉన్న టీచరు చాలు.

ద్రాక్షారామం వెళ్లే కుటుంబాలకు కూడా ఒక మాట. పిల్లల్ని దర్శనం క్యూలోంచి నేరుగా కారెక్కించకండి. స్తంభాల దగ్గర కాసేపు నిలబెట్టి ఆ శాసనాలను చూపించండి. ఊరి పేరులో దక్షుడున్నాడని, వాళ్లు చేసిన ప్రదక్షిణలో కుడిచెయ్యి ఉందని, నాయనమ్మ అనే ‘లచ్మి’లో రెండు వేల ఏళ్ల పలుకుబడి ఉందని చెప్పండి. ఇంటికొచ్చాక క్ష ఉన్న మాటలు ఎవరు ఎక్కువ రాస్తారో వాళ్ల మధ్య పందెం పెట్టండి. తెలుగు, ఇంగ్లీషు రెండూ రాయనివ్వండి. పిల్లలకు రెండు భాషలూ రావాలంటే రెండింటి మీదా భయం పోవాలి. ఆ పని ఈ ఒక్క అక్షరంతో మొదలుపెట్టవచ్చు.